అది నిమ్మచెట్ల దీవి కాదు

సంపాదకులకు,

అయ్యా,

జర్మనీలో సరస్సు ఒడ్డున ఉన్న లిండావ్ పట్టణం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన యాత్రా వ్యాసం చదివాం. ప్యారిస్, జ్యూరిక్‌లను పక్కనపెట్టి ఇంత చిన్న ఊరికి పూర్తి పేజీ ఇచ్చినందుకు ముందుగా అభినందనలు. అయితే హైదరాబాద్ నుంచి జర్మనీ వెళ్లేవాళ్లు, ముఖ్యంగా అక్కడ చదువుకునే పిల్లల్ని చూసి రావడానికి వెళ్లే తల్లిదండ్రులు, ఇలాంటి పేజీని కత్తిరించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటారు. వ్యాసంలోని తప్పుల్లో కొన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. కొన్ని మాత్రం రైలు తప్పిస్తాయి, జరిమానా కట్టిస్తాయి. అందుకే కాస్త పెద్ద ఉత్తరమే రాయాల్సి వచ్చింది.

నవ్వుకునేది ముందు. 'లిండావ్ అంటే నిమ్మచెట్ల దీవి' అని రాశారు. చలికాలం మంచు కురిసే ఆల్ప్స్ పర్వతాల పక్కన నిమ్మతోటలు ఎక్కడివి? జర్మన్‌లో 'లిండె' అనే చెట్టును ఇంగ్లండ్ వాళ్లు 'లైమ్ ట్రీ' అంటారు. తిప్పలన్నీ అక్కడే. ఆ చెట్టుకు చుట్టరికం కలపాలంటే బెండ, పత్తి, మందారాలతో కలపాలి గానీ నిమ్మతో కాదు. హృదయం ఆకారంలో ఆకులు, జూన్‌లో తేనె వాసన కొట్టే పూలు ఉండే నీడచెట్టు అది. మన ఊళ్లలో రచ్చబండ మీద రావిచెట్టు ఎలాగో, జర్మన్ పల్లెల నడిబొడ్డున లిండె అలాగ. ఎండబెట్టిన పూలతో జలుబుకు కషాయం కాచుకుంటారు. పేరు చివర ఉన్న 'అవ్'కి నీళ్ల పక్క నేల అని అర్థం. పట్టణ చిహ్నం మీద కనిపించేది కూడా ఆ లిండె చెట్టే.

ఇక ఊరి స్వరూపం. లిండావ్ మొత్తం దీవి అనుకునేలా రాశారు. పట్టణ జనాభా పాతిక వేల దాకా ఉంటే అందులో దీవి మీద ఉండేది మూడు వేల మందే. మిగతా ఊరంతా ఒడ్డునే ఉంది. దీవి విస్తీర్ణం 0.68 చదరపు కిలోమీటర్లు, అంటే చదరపు కిలోమీటరు కూడా నిండదు. చుట్టూ ఉన్న సరస్సు మాత్రం 536 చదరపు కిలోమీటర్లు, మన హుస్సేన్‌సాగర్‌కు తొంభై రెట్ల పైమాటే. పేరు బోడెన్‌సే. పొడవు 63 కిలోమీటర్లు, లోతు ఒకచోట 251 మీటర్లు. రైన్ నది ఒకవైపు నుంచి వచ్చి కలిసి మరోవైపు నుంచి బయటికి పోతుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ దాని చుట్టూ ఉన్నాయి. దీవికి తూర్పున రోడ్డు వంతెన, పడమట 1853లో రైలు కోసం వేసిన కట్ట. మ్యాపులో ఈ రెండూ చూసుకుంటే స్టేషన్ల గొడవ సగం తీరినట్టే.

ఆ స్టేషన్ల గొడవే అసలు చిక్కు. 'మ్యూనిక్‌లో జ్యూరిక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి లిండావ్‌లో దిగగానే ఎదురుగా నౌకాశ్రయం' అని మీ వ్యాసం చెబుతోంది. 2020 డిసెంబర్ దాకా అది నిజమే. అప్పట్లో ఆ రైళ్లు కట్ట మీదుగా దీవిలోకి వచ్చి, ఇంజిన్ దిశ మార్చుకుని వెనక్కి వెళ్లేవి. ఆ నెలలో కరెంటు లైను పూర్తయ్యాక ఎక్స్‌ప్రెస్‌లు దీవిలోకి రావడం మానేసి, ఒడ్డునే ఉన్న లిండావ్-రాయ్టిన్ అనే స్టేషన్లో ఆగుతున్నాయి. దీవి మీది స్టేషన్ పేరు ఇప్పుడు లిండావ్-ఇన్సెల్. 'ఇన్సెల్' అంటే దీవి. రాయ్టిన్‌లో దిగి సరస్సు ఏదని వెతికితే పట్టాలు, దుకాణాల గోదాములు తప్ప ఏమీ కనిపించవు. అక్కడి నుంచి ఇన్సెల్‌కి ప్రాంతీయ రైలు నాలుగైదు నిమిషాలు. సూట్‌కేసులు లాక్కుంటూ నడిస్తే దాదాపు అరగంట. టికెట్ కొనేటప్పుడే గమ్యం గడిలో 'లిండావ్-ఇన్సెల్' అని కొట్టాలి. అప్పుడు మారాల్సిన రైలు కూడా అదే చూపిస్తుంది.

ఖర్చు తగ్గించుకోవాలనుకునే కుటుంబాలు లిండావ్ ఉన్న బవేరియా రాష్ట్రం టికెట్ తీసుకుంటాయి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా తిరగొచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచి మొదలై మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. కానీ ప్రాంతీయ రైళ్లకే. జ్యూరిక్ ఎక్స్‌ప్రెస్‌లో ఈ టికెట్‌తో కూర్చుంటే టికెట్ లేనట్టే లెక్క. కనీస జరిమానా 60 యూరోలు, అదీ మనిషికి. టికెట్ మీద ప్రయాణించే అందరి పేర్లూ రాయాలి. ఆ గడులు ఖాళీగా వదిలేసి తనిఖీలో మాట పడడం మనవాళ్లకు మామూలు. లిండావ్ దాటి పడమటి వైపు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి వెళితే అది వేరే రాష్ట్రం, అక్కడ ఈ టికెట్ చెల్లదు. దేశమంతా చెల్లే నెలవారీ టికెట్ ఇంకొకటి ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై తర్వాత ధర పెరిగింది. పది రోజులకు మించి ఉండేవాళ్లకు అదే గిట్టుబాటు. అయితే అది చందా పద్ధతి. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేసుకోకపోతే పై నెల డబ్బులు కూడా కార్డులోంచి పోతాయి. ఇంటికొచ్చాక హైదరాబాద్‌లో మెసేజ్ చూసుకుని తల పట్టుకునేది ఇందుకే.

మ్యూనిక్ నుంచి కెంప్టన్ మీదుగా వచ్చే ప్రాంతీయ రైలులో ఇంకో మెలిక ఉంది. ఇమ్మెన్‌స్టాట్ అనే స్టేషన్లో రైలు రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క లిండావ్‌కి, ఇంకోటి కొండల్లోకి ఓబర్‌స్ట్‌డార్ఫ్‌కి వెళుతుంది. ప్లాట్‌ఫారం బోర్డు మీద ఏ సెక్టార్‌లో ఏ ముక్క ఆగుతుందో రాసి ఉంటుంది. పెట్టె తలుపు పక్కన తెర మీద కూడా గమ్యం కనిపిస్తుంది. ఖాళీ సీటు దొరికిందని ఏదో పెట్టెలో కూర్చుని నిద్రపోతే సరస్సుకు బదులు స్కీయింగ్ కొండల కింద తేలతారు. మెమ్మింగెన్ మీదుగా వచ్చే ప్రాంతీయ రైలు ఎక్కితే ఈ బెడద లేదు, సమయం కూడా కాస్త తక్కువే పడుతుంది, సుమారు రెండున్నర గంటలు.

వీసా సంగతి వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. లిండావ్‌కి వెళ్లినవాళ్లు పావుగంటలోపు రైలు దూరంలో ఉన్న ఆస్ట్రియా పట్టణం బ్రెగెంజ్‌కి వెళ్లకుండా ఉండరు. పడవెక్కి స్విట్జర్లాండ్ ఒడ్డుకూ వెళతారు. మూడూ షెంగెన్ దేశాలే కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసాతోనే మూడూ తిరగొచ్చు. కానీ దరఖాస్తు పెట్టాల్సింది ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. జ్యూరిక్‌లో నాలుగు రాత్రులు, లిండావ్‌లో రెండు రాత్రులు బుక్ చేసుకుని జర్మనీ వీసాకు దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరణను కోరి తెచ్చుకున్నట్టే. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. వేసవికైతే ఆఖరి గడువు గురించి ఆలోచించనే వద్దు. సరిహద్దులో గేటు ఉండదు కదా అని పాస్‌పోర్టు హోటల్లో వదిలి వెళ్లకూడదు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. బ్రెగెంజ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు పోలీసులు రైల్లోకి ఎక్కి అడగొచ్చు.

ఫోన్‌తో ఒక జాగ్రత్త. నౌకాశ్రయం దగ్గర నిలబడితే ఎదుటి ఒడ్డు టవర్ల సిగ్నల్ అందుతుంది. జర్మనీలో కొన్న సిమ్ ఆస్ట్రియాలో అదనపు ఖర్చు లేకుండా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, అక్కడి టవర్‌కి తగిలితే లెక్క వేరు. సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను 'ఆటోమేటిక్' నుంచి తప్పించి జర్మనీ కంపెనీని ఎంచుకుంటే సరిపోతుంది. మరొకటి: జర్మనీలో కొన్న వస్తువుల మీద పన్ను వెనక్కి తెచ్చుకోవాలనుకునేవాళ్లు జ్యూరిక్ నుంచి విమానం ఎక్కితే ఇబ్బంది పడతారు. ఆ కాగితం మీద ముద్ర యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ వాళ్లే వేయాలి. జ్యూరిక్ విమానాశ్రయంలో వేయరు.

ఇప్పుడు ఊరికి వద్దాం. ఇన్సెల్ స్టేషన్ బయటికి రాగానే నౌకాశ్రయమే. 1856లో కట్టినప్పటి నుంచి దాని ముఖద్వారానికి రెండు కాపలాలు: పడమటి గట్టు చివర దీపస్తంభం, తూర్పు గట్టు చివర రాతి సింహం. సింహం ఎత్తు 6 మీటర్లు, అంటే హుస్సేన్‌సాగర్ బుద్ధుడిలో మూడో వంతు. చెక్కింది యోహాన్ హాల్బిగ్. బవేరియా రాజచిహ్నం అది. ముఖం సరస్సు వైపు, వీపు ఊరి వైపు. వచ్చే పడవలకే తన హుందాతనం చూపిస్తుంది, ఊరివాళ్లకు తోకే. దీపస్తంభం 33 మీటర్లు, 139 మెట్లు. జర్మనీకి దక్షిణాన చిట్టచివరి దీపస్తంభం, బవేరియా మొత్తానికి ఉన్నది ఇదొక్కటే. మెట్లు ఇరుకు, పైకి వెళ్లేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరికొకరు దారి ఇచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద బెంచీ మీద కూర్చోబెట్టడమే మేలు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు చిన్న మాట: ఊరి వైపు నుంచి సింహాన్ని తీస్తే కెమెరా దక్షిణానికి తిరిగి ఉంటుంది, మధ్యాహ్నం ఎండ నేరుగా లెన్సులో పడుతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయాలి. మధ్యాహ్నమైతే దీపస్తంభం ఎక్కి ఊరి వైపు తీసుకుంటే వెలుగు మన వెనక ఉంటుంది.

'పాత దీపస్తంభం వయసు 150 ఏళ్లు' అనే వాక్యంలో రెండు కట్టడాలు కలిసిపోయాయి. ఒడ్డు మీద రంగురంగుల పెంకుల కోసు పైకప్పుతో కనిపించేది మాంగ్‌టుర్మ్, 13వ శతాబ్దం నాటిది. కొత్తది వెలిగిన 1856 దాకా దీపం పెట్టింది దాని మీదే. బట్టలకు రంగులద్దేవాళ్లు గుడ్డను ఒత్తి నునుపు చేసే 'మాంగె' అనే యంత్రం దగ్గర్లో ఉండేది కాబట్టి దానికా పేరు. 150 ఏళ్లు దాటింది కొత్తదానికి.

కొత్త దీపస్తంభానికి ఊరి వైపు పెద్ద గడియారం ఉంది. దీపస్తంభానికి గడియారం పెట్టడం అరుదు. ఆ రోజుల్లో ఈ సరస్సు మీద టైము తెలుసుకోవడమే ఒక విద్య. బవేరియా వాళ్ల లిండావ్‌లో మ్యూనిక్ టైము. పక్కనే వుర్టెంబర్గ్ రాజ్యంలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో స్టుట్‌గార్ట్ టైము. బాడెన్ రాజ్యంలోని కాన్‌స్టాంజ్‌లో కార్ల్స్‌రూహె టైము. ఎదుటి ఒడ్డున రోమాన్స్‌హార్న్‌లో బెర్న్ టైము, బ్రెగెంజ్‌లో ప్రాగ్ టైము. ఒకే నీళ్ల చుట్టూ ఐదు గడియారాలు! పడవ దిగి రైలు అందుకోవాలంటే నిమిషాలు కూడికలు తీసివేతలు వేసుకోవాలి. మన దగ్గరా రైళ్లు మద్రాసు టైముతో నడిచిన రోజులున్నాయి కాబట్టి ఈ తిప్పలు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1893 ఏప్రిల్ 1న జర్మనీ అంతటికీ ఒకే సమయం చట్టమయ్యాక, మరుసటి ఏడు స్విట్జర్లాండ్ కూడా కలిశాక గానీ ఈ గందరగోళం పోలేదు.

టైము సంగతి తేలినా హద్దు సంగతి నేటికీ తేలలేదు. 'సరస్సు మధ్యలో మూడు దేశాల సరిహద్దు రేఖ దాటాం' అని మీ రచయిత రాశారు. పడవవాళ్లు పర్యాటకులను మురిపించడానికి అలా చెబుతారేమో. నిజానికి సరస్సులోని పెద్ద భాగంలో మూడు దేశాలూ ఒప్పుకున్న సరిహద్దు అంటూ ఏదీ లేదు. మధ్యగీతే హద్దు అంటుంది స్విట్జర్లాండ్. ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లు పోను మిగతాదంతా ముగ్గురి ఉమ్మడి ఆస్తి అంటుంది ఆస్ట్రియా. జర్మనీ ఏ మాటా గట్టిగా చెప్పదు. చేపలు, పడవలు, మురుగునీరు వంటి పనులన్నీ విడివిడి ఒప్పందాలతో నడిచిపోతున్నాయి. నదీజలాల వాటాల వార్తలు రోజూ చదివే మన పాఠకులకు ఇది ఒక పేరా విలువ చేసే విషయం. వ్యాసంలో దానికి బదులు లేని గీత గీశారు.

నౌకాశ్రయం నుంచి లోపలికి నాలుగడుగులు వేస్తే రైక్స్‌ప్లాట్స్ అనే కూడలి, పాత నగర మందిరం. 1422లో మొదలై 1436లో పూర్తయింది. మెట్లు మెట్లుగా ఉన్న దాని ముంగోపురం మీది బొమ్మలు కట్టినప్పటివి కావు, 19వ శతాబ్దంలో వేసినవి. పైన రాసిన సంవత్సరం చూసి బొమ్మలు 600 ఏళ్లవి అని పిల్లలకు చెప్పకండి. 1496లో జర్మన్ రాజ్యాల మహాసభ ఈ భవనంలోనే మొదలై మరుసటి ఏడు దాకా సాగింది. అంత చిన్న ఊళ్లో అంత పెద్ద సభ ఎందుకంటే, ఇటలీకి పోయే వ్యాపార మార్గం ఇక్కడి నుంచే మొదలయ్యేది. లిండావ్ నుంచి ఆల్ప్స్ కనుమ దాటి మిలాన్ దాకా టపా, సరుకు మోసే దూతలు 1826 వరకు క్రమం తప్పకుండా నడిచారు.

అక్కడి నుంచి తూర్పుకు, మార్క్ట్‌ప్లాట్స్‌కి వెళ్లాలి. ఈ ఊరి చరిత్రంతా ఆ ఒక్క చౌరస్తాలో కనిపిస్తుంది. రెండు చర్చిలు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉంటాయి. ఎడమ పక్కది సెయింట్ స్టీఫన్, ప్రొటెస్టెంట్లది. కుడి పక్కది మేరీమాత చర్చి, క్యాథలిక్కులది. ఊరికి మూలం ఆ రెండోదే. 9వ శతాబ్దంలో అక్కడ గొప్పింటి ఆడవాళ్ల మఠం వెలిసింది. లిండావ్ పేరు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది 882లో. 1275లో ఊరు ఏ జమీందారు కిందా లేని, నేరుగా చక్రవర్తికే జవాబు చెప్పుకునే స్వతంత్ర నగరమైంది. 1528లో నగరం ప్రొటెస్టెంట్ మతం పుచ్చుకుంది, మఠం మాత్రం క్యాథలిక్‌గానే ఉండిపోయింది. ఒకే దీవి మీద ఒకవైపు ప్రొటెస్టెంట్ నగరసభ, మరోవైపు క్యాథలిక్ మఠాధిపతురాలు. ఆమెకు రాజవంశీకుల హోదా. మధ్యలో ఉమ్మడి గోడ లాంటి సందు. ఈ కాపురం 1802 దాకా నడిచింది. లోపలికి వెళ్లి చూస్తే తేడా కళ్లకు కడుతుంది: ప్రొటెస్టెంట్ల చర్చి తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, పక్కది బంగారు తాపడాలతో, బొమ్మలతో నిండుగా ఉంటుంది. రెండూ చూడాలి, వరసగా చూడాలి. టూర్ బస్సులవాళ్లు ఒక్కదానిలోనే తల పెట్టించి తీసుకెళ్లిపోతారు.

1802 తర్వాత నాలుగేళ్లలో ఊరికి ముగ్గురు దొరలు మారారు: మొదట బ్రెట్సెన్‌హైమ్ ప్రభువు, 1804లో ఆస్ట్రియా, 1806 నాటికి బవేరియా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బవేరియా అమెరికా చేతికి పోతే లిండావ్ ఒక్కటి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. తిరిగి బవేరియాలో కలిసింది 1955 సెప్టెంబర్ 1న.

అదే చౌరస్తాలో ఎర్రటి పెద్ద పైకప్పుతో కనిపించేది కావాట్సెన్ భవనం. 1728లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక 1729-30లో కట్టారు. దాని కిటికీల చుట్టూ ఉన్న తోరణాలు, స్తంభాలు చెక్కడం అనుకుంటాం. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే నున్నటి గోడ. అంతా రంగుతో వేసిన భ్రమ. దీవికి పడమటి వైపు ఉన్న పీటర్స్ చర్చి దాదాపు వెయ్యేళ్లది, బయటికి పాత గోదాములా ఉంటుంది. లోపల గోడ మీద చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ (తండ్రి) వేసిన క్రీస్తు శ్రమల చిత్రాలున్నాయి. లోపల చీకటి, ఎండలోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ కనిపించదు. రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడాలి. మనవాళ్లు ఆ లోపే బయటికి వచ్చేస్తారు. పక్కనే 1380 నాటి దొంగల బురుజు, కొసదేలిన నాలుగు చిన్న గోపురాలతో, పేరుకు తగ్గట్టు ఒకప్పటి జైలు.

ఈ చిన్న ఊరు ప్రపంచానికి తెలిసింది మాత్రం నోబెల్ వల్ల. యుద్ధం తర్వాత విజ్ఞాన లోకంలో వెలివేసినట్టు ఉండిపోయిన జర్మనీని మళ్లీ కలపాలని ఇద్దరు స్థానిక డాక్టర్లు, అదే సరస్సులోని మైనావు దీవిలో ఉండే స్వీడన్ రాజవంశీకుడు లెన్నార్ట్ బెర్నడాట్ కలిసి 1951లో ఏడుగురు నోబెల్ గ్రహీతలను పిలిచారు. ఇప్పుడు ఏటా పదుల సంఖ్యలో గ్రహీతలు, సుమారు 600 మంది యువ శాస్త్రవేత్తలు వస్తారు, వాళ్లలో మన దేశం నుంచి ఎంపికైన వాళ్లూ ఉంటారు. జరిగేది జూన్ చివర, జూలై మొదట్లో. ఆ వారం దీవి మీద గది దొరకదు, దొరికినా ధర అందదు. బ్రెగెంజ్‌లో నీళ్ల మీది వేదిక ఉత్సవం జూలై, ఆగస్టుల్లో ఉంటుంది, అప్పుడూ అంతే. మే నెలాఖరు, సెప్టెంబర్ మంచి రోజులు. పడవల టైంటేబుల్ వసంతంలో మొదలై అక్టోబర్ మధ్యలో ముగుస్తుంది. నవంబర్‌లో వెళితే మంచుతెర కమ్మి సింహం తోక కూడా కనిపించకపోవచ్చు. డిసెంబర్‌లో నౌకాశ్రయం ఒడ్డున క్రిస్మస్ సంత గురువారం నుంచి ఆదివారం దాకానే. సోమవారం వెళ్లి మూసిన కొట్లు చూసి రావద్దు.

తిండి గురించి మీరు రాసిన 'ఈ ఉదయమే వలలో పడ్డ బ్లూ ఫెల్షెన్' అన్న మాట దిద్దాలి. ఫెల్షెన్ ఈ సరస్సు పేరు చెప్పుకునే తెల్లచేప. చేపల సంఖ్య పడిపోవడంతో 2024 జనవరి నుంచి మూడేళ్ల పాటు సరస్సు పెద్ద భాగంలో దాన్ని పట్టడమే నిషేధించారు. ఆ కాలంలో పళ్లెంలో కనిపించే ఫెల్షెన్ వేరే చోటి నుంచి వచ్చిందే. ఎక్కడిదని అడిగితే నిజాయితీగానే చెబుతారు. ఈ కొరతకు ఒక కారణం వింటే హైదరాబాద్‌వాళ్లు ఆశ్చర్యపోతారు: నీళ్లు మరీ శుభ్రం కావడం. 1979 ప్రాంతంలో మురుగు, డిటర్జెంట్ల వల్ల ఈ సరస్సులో భాస్వరం ఘనమీటరుకు 80 మిల్లీగ్రాములు దాటింది, నాచు పట్టి చెడిపోయింది. 1959లోనే ఒడ్డు దేశాలు కలిసి సంఘం పెట్టుకుని, ఊళ్ల మురుగు సరస్సులో పడకుండా పైపులు వేసి, శుద్ధి కేంద్రాలు కట్టాయి. భాస్వరం పది మిల్లీగ్రాముల లోపుకు దిగింది. నాచు తగ్గితే దాన్ని తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాటిని తినే చేపలు తగ్గుతాయి. పైగా స్టికిల్‌బ్యాక్ అనే ముళ్లచేప ఎక్కువై ఫెల్షెన్ గుడ్లను, పిల్లలను తినేస్తోంది. 2016లో బయటపడిన క్వాగా ఆల్చిప్ప ఉన్న కాస్త మేతనూ వడగట్టేస్తోంది. జాలర్లు 'కొంచెం భాస్వరం వదలండి' అని అడిగినా ప్రభుత్వాలు ఒప్పుకోవు. 60 మీటర్ల లోతు నుంచి తోడిన ఈ నీళ్లే స్టుట్‌గార్ట్ వైపు దాదాపు 40 లక్షల మంది తాగుతున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల మీద, 111 జీవో మీద వచ్చే మీ సంపాదకీయాల్లో ఈ సరస్సును ఉదాహరణగా వాడుకోవచ్చు. యాత్రా పేజీకే పరిమితం చేయనక్కర్లేదు.

శాకాహారులకు కెస్‌ష్పాట్సెన్ దొరుకుతుంది: గోధుమపిండి ముద్దను మరిగే నీళ్లలోకి జారవిడిచి, కొండప్రాంతపు జున్నుతో కలిపి, పైన వేయించిన ఉల్లిపాయ వేస్తారు. పిండిలో గుడ్డు ఉంటుంది, గుడ్డు ముట్టనివాళ్లకు పనికిరాదు. డిన్నెలె అనే పల్చటి రొట్టె మీద మామూలుగా పంది మాంసం ముక్కలు చల్లుతారు. 'ఓనె ష్పెక్' అంటే అవి లేకుండా ఇస్తారు. 'వెజిటేరియన్' అని మాత్రమే అంటే కొన్నిచోట్ల చేప తెచ్చిపెడతారు. చేపా వద్దని విడిగా చెప్పాలి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో రాత్రి 8 దాకానే. పెరుగు, పళ్లు శనివారమే కొనిపెట్టుకోవాలి. నీళ్ల బాటిల్ కొంటే ధర మీద 25 సెంట్లు అదనంగా పడుతుంది, ఖాళీ బాటిల్ దుకాణంలో యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు కాబట్టి అసలు కొనకపోయినా సరే.

వ్యాసంలో ఎక్కడా లేనిది, పిల్లలతో పెడల్ బోటు అద్దెకు తీసుకునేవాళ్లకు ప్రాణంతో సమానమైనది ఒకటుంది. ఒడ్డు చుట్టూ స్తంభాల మీద నారింజ రంగు దీపాలు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరితే బలమైన గాలి రావొచ్చని హెచ్చరిక. 90 సార్లయితే తుపాను గాలి. మొదటి రకం వెలగగానే ఒడ్డుకు మళ్లాలి, రెండో రకం దాకా ఆగకూడదు. దక్షిణాన ఆల్ప్స్ నుంచి దిగే ఫ్యోన్ అనే వేడిగాలి వచ్చే రోజున ఆకాశం అద్దంలా ఉంటుంది, కొండలు చేయి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. 'ఇంత మంచి రోజా' అని పడవ తీసేది అప్పుడే, అల లేచేదీ అప్పుడే.

చివరిగా మీ ముఖచిత్రం. అందులో ఎడమ వైపు దీపస్తంభం, కుడి వైపు సింహం ఉన్నాయి, దీపస్తంభం మీద గడియారం స్పష్టంగా కనిపిస్తోంది. గడియారం ముఖం ఊరి వైపే ఉంటుంది, ఊరి వైపు నుంచి చూస్తే సింహం ఎడమన, దీపస్తంభం కుడిన ఉండాలి. అంటే పేజీ పెట్టేటప్పుడు ఫొటో తిరగబడింది. అంకెలు భూతద్దంతో చూడండి, అవీ తిరగబడే ఉంటాయి. వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు నిమ్మచెట్టుతో పాటు దీన్నీ సరిచేయగలరు.

ఇట్లు
జర్మన్ బోధించే కొందరు ఉపాధ్యాయులు
తార్నాక, హైదరాబాద్